పేరులో ఒక అంకె, తలుపు లోపల ఇంకో అంకె

అమెరికాలో పొట్టేలు తల గుర్తుతో తిరిగే పికప్ బండి ర్యామ్. 2009లో డాడ్జ్ నుంచి విడిపోయి సొంత బ్రాండయింది. 2021లో వచ్చిన రెండు ర్యామ్ బండ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1500 టీఆర్‌ఎక్స్. 6.2 లీటర్ల వీ8 ఇంజిను, 702 హార్స్‌పవర్. రెండోది 3500. 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిను, 420 హార్స్‌పవర్.

మొదటి బండి ఎత్తే లోడు గరిష్ఠంగా 594 కిలోలు. 2005లో మన రోడ్ల మీదికి వచ్చిన తొలి టాటా ఏస్, 16 హార్స్‌పవర్ ఇంజినుతో 750 కిలోలు మోసేది.

దీన్ని టీఆర్‌ఎక్స్ లోపం అనలేం. అది ఇసుకలో, గతుకుల్లో దూకుతూ పోవడానికి చేసిన బండి. చక్రాలు అడుగుకు పైగా పైకీ కిందకీ ఆడాలి కాబట్టి స్ప్రింగులు మెత్తగా ఉంటాయి. మెత్తటి స్ప్రింగు బరువు మోయదు. పైగా బండి సొంత బరువే దాదాపు 2,900 కిలోలు.

3500 వెనక కాయిల్ స్ప్రింగులకు బదులు కమాన్లుంటాయి. కావాలంటే ఇరువైపులా జంట చక్రాలు వేయించుకోవచ్చు. దాని డీజిల్ ఇంజిను టార్క్ 1,458 న్యూటన్ మీటర్లు, టీఆర్‌ఎక్స్‌ది 881. మన పల్లెల్లో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు టార్క్ గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ గెలిచేది పరుగెత్తే ఎద్దు కాదు, కాలు తన్నిపెట్టి నిలిచిన చోటి నుంచి బండను కదిలించే ఎద్దు. అలా 3500 గరిష్ఠంగా 37,100 పౌండ్ల ట్రెయిలర్‌ను లాగుతుంది, అంటే 16,828 కిలోలు. వీపు మీద మోసే లోడు గరిష్ఠంగా 3,484 కిలోలు. ఈ రెండు రికార్డులూ ఒకే 3500వి కావు. మోతలో ముందున్నది పెట్రోలు ఇంజిను బండి. డీజిల్ ఇంజిను బరువెక్కువ, ఆ బరువు లోడులోంచే పోతుంది.

మరి పేరులోని 1500, 2500, 3500 ఏమిటి? కిలోలూ కావు, పౌండ్లూ కావు. పాత వాడుకలో వీటిని అర టన్ను, ముప్పావు టన్ను, టన్ను బండ్లంటారు. అమెరికా టన్ను 907 కిలోలే. ఆ లెక్కన ‘టన్ను’ బండి ఇప్పుడు దాదాపు నాలుగు టన్నులు మోస్తోంది. పేరు మాత్రం మారలేదు. వరస తెలియడం తప్ప ఆ అంకెతో కొనేవాడికి ఉపయోగం లేదని నా అభిప్రాయం.

వీటికి పైన 4500, 5500 ఉన్నాయి. ఇవి క్యాబిన్, ఛాసిస్‌గానే వస్తాయి. అంబులెన్సో టిప్పరో, కొన్నవాళ్లే బాడీ కట్టించుకుంటారు. ర్యామ్ పేరుతోనే వచ్చే ప్రోమాస్టర్ అనే వ్యాన్‌కు మూలం ఇటలీ ఫియట్ డుకాటో. ముందు చక్రాలే బండిని నడుపుతాయి, వెనక్కి షాఫ్ట్ ఉండదు. అందుకే దాని నేల బాగా కిందికి ఉండి సామాను ఎక్కించడం తేలికవుతుంది.

కొనేవాళ్లు చూడాల్సింది డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే స్టిక్కరు. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో ఆ బండికి ప్రత్యేకంగా రాసి ఉంటుంది. హంగులు పెరిగిన కొద్దీ ఆ అంకె తగ్గుతుంది.

టీఆర్‌ఎక్స్‌కే లెక్క వేద్దాం. లాగగలిగే ట్రెయిలర్ 3,674 కిలోలు. ట్రెయిలర్ బరువులో కనీసం పదో వంతు హుక్కు మీద పడుతుంది, అంటే 367 కిలోలు. అదీ లోడు కిందకే వస్తుంది. 594లోంచి తీసేస్తే మిగిలేది 227. తలకు 75 కిలోలనుకుంటే ముగ్గురు ఎక్కొచ్చు. ఆ బండిలో సీట్లు ఐదు.