ఆ ఎర్ర ప్లస్ డాక్టర్లది కాదు

జెనీవా ఒప్పందాలంటే యుద్ధం, సైన్యం, విదేశాంగ శాఖ అనుకుంటాం. విజయవాడలోనో వరంగల్‌లోనో డాక్టరుగారి కారు అద్దానికి అంటించిన ఎర్ర ప్లస్ కూడా వాటి పరిధిలోదే అంటే చాలామంది నమ్మరు.

అపోహ: ఒప్పందాన్ని దేశం ఆమోదిస్తే చాలు, అదే చట్టం.

వాస్తవం: కాదు. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలను భారత్ 1950లోనే ధ్రువీకరించింది. వాటిని ఉల్లంఘించినవారికి శిక్ష వేసే చట్టం మాత్రం 1960లో గానీ రాలేదు.

అపోహ: మనది సమాఖ్య కాబట్టి రాష్ట్రాలు కూడా ఒప్పుకోవాలి.

వాస్తవం: కెనడాలో ఈ చిక్కు నిజంగానే ఉంది. ఒప్పందం కేంద్రం చేసుకున్నా, విషయం ప్రావిన్సులదైతే చట్టం అవే చేయాలని 1937లో, అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది. మన రాజ్యాంగంలో 253వ అధికరణం ఉంది. ఒప్పందం అమలు కోసమైతే రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. కానీ పోలీసులు, ప్రజారోగ్యం రాష్ట్రాల చేతిలోనే ఉంటాయి. చట్టం ఢిల్లీది, దాన్ని వీధిలో పట్టించుకోవాల్సింది హైదరాబాదు, అమరావతి.

అపోహ: ఎర్ర ప్లస్ వైద్య వృత్తి గుర్తు.

వాస్తవం: తెల్లని నేల మీద ఎర్ర క్రాస్ యుద్ధభూమిలో సైనిక వైద్య సిబ్బందికి రక్షణ చిహ్నం, రెడ్‌క్రాస్ ఉద్యమానికి గుర్తు. అది కనిపిస్తే కాల్చకూడదు. ఎవరు పడితే వాళ్లు వాడితే ఆ నమ్మకమే పోతుంది. అందుకే 1960 చట్టం 12వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దీన్ని వాడకూడదంటుంది. మందుల షాపు బోర్డుకైనా, నర్సింగ్ హోమ్ గోడకైనా ఇదే నియమం. అతిక్రమిస్తే 500 రూపాయల దాకా జరిమానా, ఆ గుర్తున్న సరుకు జప్తు. 1960లో అది చెప్పుకోదగ్గ మొత్తమే. ఇప్పుడు బోర్డు రాయించిన ఖర్చుకు కూడా చాలదు.

అపోహ: ఉల్లంఘన కనిపిస్తే ఎవరైనా కోర్టుకెళ్లవచ్చు.

వాస్తవం: ఈ చట్టంలో అసలు తాళం 17వ సెక్షన్. ప్రభుత్వం గానీ, కేంద్రం నోటిఫై చేసిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. బాధితుడికి ఆ దారి లేదు. గోవా విలీనం తర్వాత పోర్చుగీసు పౌరసత్వం నిలుపుకున్న మతగురువు మోంటెయిరో, ఆక్రమణలో ఉన్న పౌరులను కాపాడే నాలుగో జెనీవా ఒప్పందం కింద రక్షణ కోరారు. 1969లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. విలీనంతో ఆక్రమణ ముగిసిందని, కోర్టుకు రావడానికి ఈ చట్టం ఎవరికీ ప్రత్యేక హక్కు ఇవ్వలేదని చెప్పింది. ఫిర్యాదు చేసే హక్కు ప్రభుత్వానికే ఉంచి, ఆ ప్రభుత్వమే నిందితుడి పక్కన నిలబడితే ఏమిటన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు.

అపోహ: దేశంలో జరిగే సాయుధ ఘర్షణల్లోని అకృత్యాలకు కూడా ఈ చట్టం శిక్ష వేస్తుంది.

వాస్తవం: 3వ సెక్షన్ ఒప్పందాల్లో ‘తీవ్ర ఉల్లంఘనలు’గా చెప్పినవాటికే వర్తిస్తుంది. రక్షణ పొందే వ్యక్తిని కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, మిగతావాటికి 14 ఏళ్ల దాకా జైలు. నేరం విదేశంలో జరిగినా, చేసినవాడు ఏ దేశస్థుడైనా సరే. అంత దూరం వెళ్లిన సెక్షన్, దేశం లోపలి ఘర్షణల కోసం నాలుగు ఒప్పందాల్లోనూ ఉమ్మడిగా పెట్టిన 3వ అధికరణం దగ్గర మాత్రం ఆగిపోయింది. అంతర్యుద్ధాల గురించి 1977లో వచ్చిన అదనపు ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు. దేశం లోపలి ఘర్షణలో జరిగిన హత్యకు మామూలు శిక్షాస్మృతి కింద రాష్ట్ర పోలీసులే కేసు కట్టాలి.