సున్నపు ఊళ్లో పులి, మేక, చింతపిక్క

అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద వస్తుంటే పిడుగురాళ్ల దగ్గరపడిందని చెప్పడానికి బోర్డు అక్కర్లేదు. రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లబడతాయి. పల్నాడు జిల్లాలో ఇది సున్నపు బట్టీల ఊరు. బయటివాళ్లు లైమ్ సిటీ అంటారు. ఈ ఊరి గురించి రాసేవాళ్లు బట్టీల గురించి, లారీల గురించి, ఆ దుమ్ములో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల గురించి రాస్తారు. రాయాల్సిందే. ఈ ఆదివారం మాత్రం అదే రాయితో, అదే సున్నంతో పెనవేసుకున్న ఆటల గురించి, ముచ్చటైన వస్తువుల గురించి చెప్పుకుందాం.

ముందు రాయి సంగతి. క్వారీ నుంచి వచ్చిన సున్నపురాయిని ముక్కలు కొట్టి, బొగ్గుతో వరసలుగా పేర్చి బట్టీలో కాలుస్తారు. వేడి 900 డిగ్రీలు దాటితే రాయిలోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నం. దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. గోడకు పూశాక పోయిన వాయువునే గాలిలోంచి మెల్లగా వెనక్కి తీసుకుని మళ్లీ రాయవుతుంది. వెల్ల వేసిన గోడంటే పల్చటి రాతిపొర కప్పుకున్న గోడే.

కాల్చే రాయి ఒకటైతే, పరిచే రాయి ఇంకొకటి. దాచేపల్లి, మాచర్ల వైపు పాత ఇళ్లలో నేల నాపరాయి, అరుగు నాపరాయి, కొన్నిచోట్ల దడి కూడా నిలబెట్టిన నాపరాళ్లే. అంత నునుపైన పలక కాళ్ల కింద ఉంటే పిల్లలు ఊరుకుంటారా? సుద్దముక్కో బొగ్గుముక్కో దొరికితే చాలు, అరుగు మీద పులిజూదం గీసేస్తారు. పైన ఒక కొస. అక్కణ్నుంచి కిందికి నాలుగు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, అడుగున పునాది గీత. అడ్డగీతల చివర్లు కలుపుతూ అటూ ఇటూ రెండు నిలువులు. మొత్తం 23 కూడళ్లు. పులులు 3, మేకలు 15. పులి మేక మీంచి దూకి అవతలి ఖాళీలో పడితే మేక పోయినట్టు. మేకలు చుట్టుముట్టి మూడు పులుల్నీ కదలకుండా కడితే పులులు ఓడినట్టు.

చదరంగంలో రెండు పక్షాలకూ ఒకే బలగం. ఇక్కడ బలాలు అసలు పోలికే లేనివి: పులి బలం దూకడంలో, మేక బలం గుంపులో. ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఇద్దరికీ గెలిచే దారి ఉండేలా ఆ గీతలు కుదిర్చిన మనిషెవరో గానీ చెయ్యెత్తి మొక్కాలి. కోడిపోరులో ఓడి రాజ్యం వదిలి వెళ్లిన పల్నాటి వీరుల కథ చెప్పుకునే సీమ ఇది. కారంపూడిలో ఇప్పటికీ ఏటా ఆ వీరుల్ని కొలుస్తారు. ఆటను తేలిగ్గా చూసే నేల కాదు.

అష్టాచెమ్మాకు గవ్వలు లేకపోతే చింతపిక్కలు. పిక్కను నాపరాయి గరుకు అంచున పెట్టి రుద్దుతారు. ముదురు గోధుమ రంగు తొక్క అరిగి, లోపలి తెలుపు ముందు చుక్కలా, తర్వాత బిళ్లలా బయటపడుతుంది. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. కూర కోసం పులుసు పిండాక మిగిలిన పిక్కతో ఒక ఆట సరంజామా తయారు. అదే రాయి మీద గచ్చకాయ రుద్ది పక్కవాడి చేతికి తగిలిస్తే చురుక్కుమంటుంది. ఆ అల్లరి తెలియని తెలుగు బడి ఉండదు. వేసవిలో ముంజెలు తిన్నాక రెండు బుర్రల మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుపోయే బండి కూడా ఈ కోవలోనిదే. ఇరుసు, చక్రం, తోసే కర్ర అన్నీ అమరిన ఆ బండికి ఖర్చు సున్నా.

పెద్దవాళ్లకూ ముచ్చట్లున్నాయి. తాంబూలానికి కావలసింది చిటికెడు సున్నం. దాన్ని దాచడానికి ఏ డబ్బీ అయినా సరిపోయేది. కానీ మనవాళ్లు ఇత్తడి సున్నపుకాయను మామిడిపిందెలా, నెమలిలా పోయించుకున్నారు. వక్కలు కత్తిరించే అడకత్తెరకు గుర్రం తల, చిలక ముక్కు పెట్టించుకున్నారు. రోజుకు పదిసార్లు చేతిలోకి వచ్చే వస్తువు పదిసార్లూ కంటికి నచ్చాలన్న పట్టుదల అది. ఆకూవక్కా అలవాటు తగ్గాక వాటిలో చాలావరకు తూకానికి పోయాయి. నాకు ఇది నిజంగా బాధ కలిగించే సంగతి.

కొండపల్లి బొమ్మకూ సున్నంతో చుట్టరికం ఉంది. తేలికైన తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, తల, చేతులు, ఒళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దాని మీద సున్నం పూత, ఆ తర్వాతే రంగులు. తాడెక్కే గీత కార్మికుడైనా, అంబారీ ఏనుగైనా ఆ తెల్లదనం మీదే వెలుగుతుంది. ఇక్కడ పిల్లలకు పాచికైన చింతగింజ అక్కడ జిగురైంది.

ఈ నేల రాయి మీద చెక్కిన అల్లరి ఇంకా పాతది. అమరావతి స్తూపానికి వాడింది పల్నాడు సున్నపురాయే. అక్కడి ప్రాకారపు పలకల్లో కింది అంచు వరసను చూడాలి. పిల్లలు, జంతువులు నవ్వు పుట్టించే భంగిమల్లో పరుగులు తీస్తుంటారు. పైన బుద్ధుడి కథ గంభీరంగా సాగుతుంటే కింద శిల్పి ఆడుకున్నాడు. సర్వే అధికారి కర్నల్ మెకంజీ 1797లో దిబ్బగా మారిన ఆ స్తూపాన్ని చూశాడు. 1816లో తిరిగివచ్చి శిల్పాల బొమ్మలు గీయించాడు. మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు చెన్నైలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎన్నో పలకల్ని మాత్రం ఊళ్లవాళ్లు సున్నం కోసం కాల్చేశారు. ఆ పిల్లల్లో ఎందరు ఏ గోడకు వెల్లగా మారిపోయారో!

ఉలి ఆగిపోలేదు. మాచర్ల దగ్గర దుర్గిలో శిల్పులు ఇప్పటికీ రాయి చెక్కుతున్నారు. పిడుగురాళ్లను ఒక్కటి అడగాలనుంది. హంపీ మండపాల నేల మీద చెక్కిన ఆటపటాలు ఇప్పటికీ కనబడతాయి. అలాగే ఇక్కడి బస్టాండులో, రైల్వే ప్లాట్‌ఫాం మీద, పార్కు అరుగుల మీద పులిజూదం, అష్టాచెమ్మా గళ్లు చెక్కించాలి. నాపరాయి మోకాలెత్తున ఉంటే చాలు. చెక్కిన గాడి వేలు పట్టేంత లోతుండాలి. మధ్యాహ్నం నీడ పడే చోటు చూసుకోవాలి, రెంటచింతల ఎండలు ఎంతో దూరంలో లేవు. పావులకు రాతిముక్కలు ఊరంతా ఉన్నాయి. మాచర్ల బస్సు వచ్చేలోపు తాతా మనవరాలూ ఒక ఆట ముగించేయొచ్చు.