గొంగళిపురుగుకు చోటిచ్చిన తోటకే సీతాకోకచిలుక

మా మందిరంలో ప్రసంగవేదిక పక్కనున్న బల్ల మీద ప్రతి ఆదివారం పూలు పెట్టే పని చాలా ఏళ్లుగా నాది. బజారులో కొన్న పూలు కాదు, పెరట్లో పెంచిన పూలే పెట్టాలన్నది నా పట్టుదల. గులాబీలు, ముద్దచామంతులు, ముద్దబంతులు, ముద్దమందారాలు కుండీల్లో వరుసగా ఉండేవి. ఏ ఆకు మీదైనా చిల్లు కనబడితే చాలు, ఆ పూటే మందు కొట్టేవాణ్ణి. దేవునికి అర్పించేది మచ్చలేనిదై ఉండాలి కదా అని నా వాదన. చూసినవాళ్లంతా మెచ్చుకునేవారు. నేనూ లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఒక ఏడాది గోడ పక్కన గుమ్మడి పాదు పెట్టాను. తీగ గోడంతా పాకింది. పళ్లేలంత పసుపుపచ్చ పూలు పూసింది. పిందెలు మాత్రం గోలీకాయంత అయ్యేసరికి పండుబారి రాలిపోయేవి. ఎరువు వేశాను. మందు మార్చి కొట్టాను. ఫలితం లేదు.

ఒక శనివారం మా సంఘంలోని మామ్మగారు ఒకరు ప్రార్థన మనవి చెప్పుకోవడానికి వచ్చారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి. పాదును చూశారు, తోటంతా కలయజూశారు. కాసేపు చెవి ఒగ్గి విన్నారు. ''ఇన్ని పూలున్నాయి గానీ ఒక్క ఈగ చప్పుడైనా లేదేం మాస్టారూ? బెంచీలన్నీ తుడిచిపెట్టి, ఎవరూ రాని మందిరంలా ఉంది మీ తోట'' అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అది తోట గురించి అన్న మాటే అయినా, నాలో ఇంకెక్కడో తగిలింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

పిందె ఎందుకు రాలింది?

గుమ్మడి తీగకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. కింద చిన్న పిందెతో పుట్టేది ఆడపువ్వు. తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. దాని ఆయుష్షు ఆ ఒక్క ఉదయమే. మగపువ్వులోని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. ఆ కొద్ది గంటల్లో తేనెటీగో మరొక పురుగో దాన్ని మోసుకొచ్చి ఆడపువ్వులో చేర్చాలి. లేకపోతే పిందె రాలిపోతుంది. నేను పురుగుల్ని చంపుతున్నాననుకున్నాను. నిజానికి నా పాదును ఫలింపజేసేవాళ్లనే చంపుకుంటున్నాను.

నాటినవాడు ఒకడు, నీళ్లు పోసినవాడు మరొకడు, వృద్ధి కలుగజేసేవాడు దేవుడని అపొస్తలుడైన పౌలు రాశాడు (1 కొరింథీ 3:6). ఆ వృద్ధిని ఆయన ఎంత చిన్న పనివాళ్లచేత చేయిస్తాడో నేను అప్పుడే తెలుసుకున్నాను. వంగ, టమాటా పూలలో పుప్పొడి ఉప్పుడబ్బాలో ఉప్పులా చిన్న రంధ్రాల వెనుక దాగి ఉంటుంది. తుమ్మెద ఆ పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తే అది రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. సాయంత్రం విచ్చుకునే తెల్లని సొరపువ్వు దగ్గరకు చీకటిపడ్డాక చిమ్మటలు వస్తాయి. ఒక్కొక్క పువ్వుకు ఒక్కొక్క పరిచారకుణ్ణి, ఒక్కొక్క వేళను దేవుడు ఏర్పాటు చేశాడు.

సందు విడిచిన సేవకుడు

తేనెటీగల పెంపకం చరిత్రలో ఒక దైవసేవకుని పేరు చెరగనిది. ఆయనే అమెరికాకు చెందిన లొరెంజో లాంగ్‌స్ట్రాత్ (1810-1895). మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో పాస్టర్‌గా సేవ చేశారు. తీవ్రమైన మానసిక వేదన ఆయన్ను జీవితాంతం పదేపదే కుంగదీసింది. ప్రసంగపీఠం విడిచిపెట్టాల్సి వచ్చిన రోజుల్లో తేనెటీగలే ఆయనకు ఊరట.

తేనెటీగలు చిన్న సందును జిగురుతో మూసేస్తాయి. పెద్ద సందులో అదనపు తేనెపట్టు కడతాయి. సుమారు 8, 9 మిల్లీమీటర్ల సందును మాత్రం దారిగా విడిచిపెడతాయి. 1851లో ఆయన ఈ రహస్యాన్ని గుర్తించి, చట్రాలను విడివిడిగా బయటికి తీయగల పెట్టెను తయారుచేశారు. 1852లో దానికి పేటెంట్ లభించింది. అంతకుముందు తేనె కోసం పట్టును కోసి, గూటిని పాడుచేయడమే ఎక్కువచోట్ల వాడుక. నేటికీ చట్రాల పెట్టెలు ఆ సందు సూత్రం మీదే తయారవుతున్నాయి. 1895 అక్టోబరు 6న, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో దేవుని ప్రేమను గురించి ప్రసంగం మొదలుపెడుతూనే ఆయన ప్రభువునందు నిద్రించారు.

మన దేశంలో విలియం కేరీని బైబిలు అనువాదకునిగా ఎరుగుదుం. శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. అదే కేరీ శ్రీరాంపూర్‌లో గొప్ప తోట పెంచారు, 1820లో వ్యవసాయ, ఉద్యానవన సంఘాన్ని స్థాపించారు. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ గ్రంథాన్ని ఆయన మరణానంతరం అచ్చువేయించిందీ కేరీయే. తోటను సేద్యపరచి కాపాడమని దేవుడు ఆదాముకు అప్పగించిన పని (ఆది 2:15) ఆ సేవకుల దృష్టిలో చిన్న పని కాదు.

ముద్దపువ్వు చాలదు

మామ్మగారి మాట తర్వాత నేను తోటను తిరిగి నేర్చుకున్నాను. మీ పెరట్లోనూ ఈ అతిథులు రావాలంటే చేయవలసినవి ఇవి.

మొదటిది, ముద్దపూలతో పాటు రెక్కపూలు కూడా ఉండాలి. అనేక ముద్దపూలలో కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి. చూపుకు నిండుగా ఉన్నా పురుగులకు మకరందం, పుప్పొడి అందేది తక్కువ. రెక్కబంతి, రెక్కమందారం, జినియా, నూరువరహాలు, బిళ్లగన్నేరు, తులసి పెట్టండి. మనం కలుపని పీకేసే గడ్డిచామంతి పువ్వు చుట్టూ ఎన్ని చిన్న సీతాకోకచిలుకలు మూగుతాయో ఒక ఉదయం నిలబడి చూడండి. లాంటానా పూలకూ సీతాకోకలు వస్తాయి గానీ, అది మన అడవుల్ని ఆక్రమించిన పరాయి మొక్క, నాటవద్దు. ఒక కాలమే పూసే మొక్కలు కాకుండా ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా చూసుకోండి. సీతాకోకచిలుకలు ఎండలో రెక్కలు కాచుకుంటాయి కాబట్టి ఈ మొక్కలకు ఉదయపు ఎండ తగలాలి.

రెండవది, నీళ్లు. లోతులేని మూకుడులో గులకరాళ్లు వేసి, అవి మునగకుండా నీళ్లు పోయండి. దోమలు పెరగకుండా రెండు రోజులకొకసారి మార్చండి. ఒక మూల కాస్త బురదగా ఉంచితే, మగ సీతాకోకచిలుకలు అక్కడ వాలి మట్టిలోని లవణాలు పీల్చుకుంటాయి.

మూడవది, పెరడంతా సిమెంటు చేయవద్దు. ఒంటరిగా బతికే తేనెటీగ జాతులెన్నో మట్టిలోనే బొరియలు చేసుకుంటాయి. తుమ్మెదలు ఎండుకర్రల్లో, వెదురు బొంగుల్లో కాపురముంటాయి. గులాబీ ఆకుల అంచులు కత్తెరతో గుండ్రంగా కత్తిరించినట్టు కనబడితే అది తెగులు కాదు. ఒక రకం తేనెటీగ తన పిల్లల గదికి ఆ ముక్కల్ని పట్టుకెళ్లింది, అంతే. మొక్కకు దానివల్ల చేటు లేదు.

నాల్గవది, మందు. నేడు వాడుకలో ఉన్న కొన్ని పురుగుమందులు మొక్క ఒంటిలోకి ఇంకి, మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరతాయి. మన దగ్గర విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్ సహా అలాంటి మూడు మందుల్ని ఆరుబయట పంటలపై వాడకుండా యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. పెరటి మొక్కకు అంత మందు అక్కరలేదు. పేనుబంకను నీటి ధారతోనో సబ్బునీళ్లతోనో వదిలించవచ్చు. వేపనూనె వాడినా, పూల మీద పడకుండా, తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రం వాడండి. పురుగులు తిరిగి వచ్చేదాకా గుమ్మడికి మీరే సాయం చేయవచ్చు. ఉదయాన్నే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, దాని కేసరాన్ని ఆడపువ్వు మధ్యలో అద్దితే చాలు.

అంచు విడిచిపెట్టు

ఇవన్నీ తేలికే. అసలు కష్టం ఐదవది. సీతాకోకచిలుక తేనె తాగి వెళ్లే అతిథి మాత్రమే కాదు, గుడ్లు పెట్టే తల్లి కూడా. ఆ తల్లి కాళ్లతోనే ఆకు రుచి చూస్తుంది, తన పిల్లలు తినగలిగే ఆకు మీదే గుడ్డు పెడుతుంది. నల్లరెక్కల మీద పసుపుమచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, కరివేపాకు కావాలి. నారింజరంగు రెక్కల అంచున నలుపుండే మరొకదానికి జిల్లేడు కావాలి. ఆకుపచ్చ చుక్కలదానికి సీతాఫలం, లేదా మందిరాల ఆవరణల్లో నిటారుగా పెంచే నరమామిడి కావాలి. లేతపసుపు రెక్కలవాటికి రేల, తంగేడు కావాలి. పూలు మాత్రమే పెట్టి ఆకు ఇవ్వని తోట, సత్రం లాంటిది. అక్కడ బస చేస్తారు, కాపురముండరు.

మా కరివేపాకు చెట్టు మీద మొదటిసారి ఆ పిల్లల్ని చూసినప్పుడు పిట్టరెట్టలనుకున్నాను. చిన్నప్పుడు అవి అలాగే కనబడతాయి, పిట్టలు తినకుండా ఉండటానికి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ముల్లాంటివి చాచి ఘాటైన వాసన వదులుతాయి. వికారంగా ఉన్నాయి. రోజుకొక రెమ్మ ఖాళీ చేస్తున్నాయి. పాత అలవాటు కొద్దీ చేయి మందు డబ్బా మీదికి వెళ్లింది.

అప్పుడే లేవీయకాండము 19వ అధ్యాయం గుర్తొచ్చింది. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయవద్దని, పరిగె ఏరుకోవద్దని, దాన్ని బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని దేవుడు ఆజ్ఞాపించాడు. అలా విడిచిన అంచులోనే మోయాబీయురాలైన రూతు పరిగె ఏరుకుంది. ఆమె సంతానంలోనే దావీదు, ఆ వంశంలోనే మన ప్రభువు పుట్టారు. బోయజు అంచుల దాకా కోయించి ఉంటే?

ఆ చెట్టును వాటికి విడిచిపెట్టాను. కూరకు ఇంకో కరివేపాకు మొక్క నాటుకున్నాను. నెల తిరక్కముందే ఒక ఉదయం ఎండిన ఆకులా వేలాడుతున్న గూడు పగిలింది. నలిగిన రెక్కలతో బయటికొచ్చిన ప్రాణి గంటసేపు వాటిని ఆరబెట్టుకుని గోడ దాటి ఎగిరిపోయింది. చెట్టు చావలేదు. మళ్లీ చిగిర్చింది.

మన మధ్యనున్న గొంగళులు

మన బైబిలులో సీతాకోకచిలుక ప్రస్తావన లేదు. గొంగళిపురుగు ఉంది, పంటను నాశనం చేసేదిగా (యోవేలు 1:4). అయితే పౌలు రోమా 12:2లో మారిన మనస్సు గురించి వాడిన మాట, కొండమీద ప్రభువు రూపాంతరం గురించి మత్తయి 17:2లో ఉన్న మాట, గ్రీకులో ఒకటే క్రియ. గొంగళి సీతాకోకగా మారడానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కూడా ఆ మూలం నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఆ మొదటి సంగతి. మా యూత్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. రంగేసిన జుట్టు, చెవికి పోగు, దగ్గరికొస్తే సిగరెట్టు వాసన. ఒక ఆదివారం ఆరాధనకు ముందు వరండాలో నలుగురి ఎదుట ''దేవుని సన్నిధికి వచ్చే తీరు ఇదేనా?'' అని గద్దించాను. ఆ తర్వాత అతను రాలేదు. రెండేళ్లు గడిచాయి. వాళ్లమ్మ ఉపవాస ప్రార్థనలో కన్నీళ్లతో మనవి చేసినప్పుడల్లా నేనూ ఆమేన్ అన్నాను. అతను రాకపోవడానికి కారణం నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ గూడు పగిలిన వారంలోనే వాళ్లింటికి వెళ్లాను. క్షమించమని అడిగాను. అతను చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత ''మాస్టారూ, ఆ రోజు నేను పాస్టర్‌గారితో మాట్లాడదామనే వచ్చాను. మానెయ్యాలనుకుంటున్నాను, నాకోసం ప్రార్థన చెయ్యండని అడుగుదామని'' అన్నాడు.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మందు ఎక్కడ కొట్టానో నాకప్పుడు అర్థమైంది.

అతను ఇప్పుడు కొన్ని ఆదివారాలు వస్తాడు, కొన్ని ఆదివారాలు రాడు. చివరి బెంచీలో కూర్చుంటాడు. అంతా బాగైపోయిందని సాక్ష్యం చెప్పే స్థితి ఇంకా రాలేదు. గూటి లోపల దేవుడు ఏమి చేస్తున్నాడో బయటివాళ్లకు కనబడదు. దాన్ని చీల్చి చూసే అధికారం మనకు లేదు. కాయని అంజూరపు చెట్టును నరికేయమన్నప్పుడు, ఇంకొక్క ఏడు ఉండనిమ్మని బతిమాలిన తోటమాలిని (లూకా 13:8) ప్రభువు మనకు చూపించాడు. మన సంఘాలకు కావలసింది ఆ తోటమాలులే.

పాపాన్ని సమర్థించమని కాదు. గొంగళి గొంగళిగానే ఉండిపోవాలని ఏ తోటమాలీ కోరుకోడు. కానీ రెక్కలొచ్చాకే మా తోటకు రమ్మంటే, ఆ తోటకు ఎవరు వస్తారు? మనలో ఎవరం రెక్కలతో వచ్చాం? మచ్చలేని గొర్రెపిల్ల ఆయనొక్కడే (1 పేతురు 1:19). మనమంతా చిల్లులు పడ్డ ఆకులతోనే ఆయన దగ్గరికి వచ్చాం.

మరుసటి ఏడు కోతపండుగకు మా గుమ్మడి పాదు నుంచి నాలుగు కాయలు మందిరానికి మోసుకెళ్లాం. బల్ల మీద పూలు ఇప్పటికీ నేనే పెడుతున్నాను. అందులో చిల్లుపడిన ఆకు ఒకటి రెండు ఉంటూనే ఉంటాయి. వాటిని తీసేయడం మానేశాను.

ప్రార్థన: ప్రభువా, నీవు పంపినవారిని మేము తరిమివేసిన దినాలను క్షమించుము. మా పెరట్లోనూ మా సంఘంలోనూ అంచులు విడిచిపెట్టే మనసును, ఎదురుచూసే ఓపికను మాకు దయచేయుము. ఆమేన్.