దిండు కింద బైబిలు

మన హాస్టల్లో ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు, గుడికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, అంబేద్కర్ గారి ఫోటో ఒక్కటి చాలనేవాళ్ళూ ఉన్నారు. మేము చర్చికి వెళ్ళే ఇంట్లో పుట్టాం. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం కూడా మేమే. బైబిలును రోజువారీ బతుకుకు దారిగా నమ్మడం అంటే ఏమిటో మాకు తెలిసినంతలో రాస్తున్నాం.

హాస్టల్లో ఉన్నప్పుడు బైబిలు మా దిండు కింద ఉండేది. జనవరి 1న చర్చిలో తీసిన వాగ్దాన కార్డు లెక్కల పుస్తకంలో ఉండేది. పరీక్ష ముందురోజు కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు ఎక్కడ పడితే అదే దేవుని జవాబు అనుకునేవాళ్ళం. ఒకసారి వంశావళి మీద పడింది. అన్నీ పేర్లే! ఆ పేపరు పోయింది, చదవక.

అదే బైబిల్లో దానియేలు కూడా ఉన్నాడు. పరాయి రాజు దగ్గర మూడేళ్ళ చదువు, పరాయి భాష. రాజు భోజనం వద్దని పది రోజులు కూరగాయలు, నీళ్ళతో గడిపి చూపించాడు గాని చదువు మాత్రం మానలేదు. (మన మెస్సు నీళ్ళచారు తాగినవాళ్ళకు ఈ కథ తొందరగా అర్థమవుతుంది.)

పి.జి.కి వచ్చాక మొదటి పేజీ నుంచి వరసగా చదవడం మొదలుపెట్టాం. లేవీయకాండం దగ్గర చాలామంది ఆగిపోతారు. బలులు, కుష్ఠు, శుద్ధి నియమాలు. మేమూ ఆగేవాళ్ళమే గాని, 19వ అధ్యాయంలో మా ఊరు కనిపించింది. చేను అంచుల దాకా కోయవద్దని, రాలిన పరిగె బీదలకు, పరదేశులకు వదిలేయమని అక్కడ ఉంది. విధవరాలైన రూతు అత్తను పోషించింది ఆ పరిగెతోనే. మా అమ్మ కూడా కోతలయ్యాక పరిగె ఏరింది. కాకపోతే బతిమాలుకుని, తిట్లు తిని ఏరింది. బైబిలు దాన్ని ఆసామి దయకు వదల్లేదు, ఆజ్ఞ చేసింది. అదే అధ్యాయం 13వ వచనం కూలి డబ్బు తెల్లారేదాకా అట్టిపెట్టుకోవద్దంటుంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయమైతే పొద్దుగూకకముందే ఇచ్చేయాలంటుంది.

"దాసులు యజమానులకు లోబడాలని కూడా ఉంది కదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఉంది, ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో. అమెరికాలో బానిసల్ని ఉంచుకున్నవాళ్ళు దాన్నే వల్లించారు. అయితే అదే పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో ఒనేసిమును దాసుడిలా కాక సోదరుడిలా చేర్చుకోమన్నాడు. ఒక్క ముక్క పట్టుకుంటే ఎవరి అవసరానికి వాళ్ళు వాడుకోవచ్చు. వేలు పెట్టి జవాబు తీసిన మా పనీ అలాంటిదే. మొత్తం చదివాక కూడా ఆ 6వ అధ్యాయం మాకు ఇబ్బందిగానే ఉంటుంది. దాచడం ఎందుకు?

కూలి గురించి చదివిన రోజు, అమ్మను వాకిట్లో నిలబెట్టి రేపు రమ్మన్న ఆసాములు గుర్తొచ్చి బాగా కోపం వచ్చింది. పుస్తకం మూసేసరికి ఎదురుగా కుర్చీ మీద ఇస్త్రీ చొక్కాలు. వీధి చివర బండి మీద ఇస్త్రీ చేసే పెద్దాయనకు మా గదిలో ముగ్గురం మూడు నెలల బాకీ! స్కాలర్‌షిప్ రాలేదని చెబుతూనే ఉన్నాం. ఆ మధ్యలో రెండు సినిమాలు మాత్రం చూశాం.

ఆ సాయంత్రమే తలా కొంత వేసుకుని 410 రూపాయలు తీసుకెళ్ళాం. పెద్దాయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. "బొగ్గుల కొట్టాయన పొద్దున్నే వచ్చిపోయాడు బాబూ, రేపు రమ్మన్నాను" అన్నాడు.