చెట్టు ఫెర్నుకు నీళ్ళు ఎక్కడ పోయాలి?

మావారికి కూనూరు బదిలీ అయిన మొదటి సంవత్సరం ఇంటి వెనుక నేను నాటిన చెట్టు ఫెర్ను వేసవి దాటకుండానే చనిపోయింది. నీళ్ళు పోయలేదా అంటే, రోజూ రెండు బకెట్లు పోసేదాన్ని. పోసిన చోటే తప్పు.

నీలగిరి చూడటానికి వెళ్ళిన మన పాఠకుల్లో చాలామంది కూనూరులోని సిమ్స్ పార్కులో ఈ మొక్కను చూసే ఉంటారు. 1874లో ఏర్పడిన తోట అది. దూరం నుంచి చూస్తే చిన్న కొబ్బరిచెట్టు అనుకుంటాం. దగ్గరకు వెళ్ళి నడినెత్తిన చూడండి. కొత్త ఆకులు పసిబిడ్డ పిడికిళ్ళలా ముడుచుకొని, ఒళ్ళంతా నూగుతో ఉంటాయి. ఒక్కొక్కటే చుట్ట విప్పుకుంటూ పైకి లేస్తుంది. ఈ చెట్టుకు పువ్వు లేదు, కాయ లేదు, విత్తనమూ లేదు. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు వరుసగా కనిపిస్తాయి. వాటిలోని పొడే సిద్ధబీజాలు. ఆ పొడి తడినేల మీద పడితే ముందుగా గోరుకన్నా చిన్నదైన, హృదయాకారపు పచ్చని రేకు పుడుతుంది. దాని మీద నీటి పొర ఉంటేనే మగకణం ఈదుకుంటూ వెళ్ళి అండాన్ని చేరుతుంది. అప్పుడే అసలు ఫెర్ను మొలుస్తుంది. తడి లేకపోతే దీనికి పుట్టుకే లేదు.

ఇక నా పొరపాటు. మామిడి, వేప మానుల్లా దీని మాను ఏటేటా చేవదేరి లావెక్కదు. సన్నని కాండం చుట్టూ, ముఖ్యంగా కిందివైపు, వేళ్ళే పీచులా దట్టంగా అల్లుకొని ఉంటాయి. మనం బెరడు అనుకునేది ఆ వేళ్ళ కంబళి. నేను పాదు మాత్రం తడిపి, మానును ఎండగట్టాను. పక్కింటి తోటమాలి ఆ పీచును గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. అప్పటికే ఆలస్యమైంది.

రెండో మొక్కకు రోజా తల ఉన్న డబ్బాతో మాను పైనుంచి కిందికి నీళ్ళు పోశాను. ఎండ ముదిరితే రెండు పూటలా. పాదులో నీరు నిలవనీయకండి. ఆకుల ఎరువు బాగా కలిపిన, కొంచెం పులుపు గుణమున్న మట్టి దీనికి ఇష్టం. పెద్దచెట్టు కింద చెదురు నీడ, వడగాలి తగలని మూల చాలు. యూరియా చల్లకండి, బాగా చివికిన ఎరువు కొద్దికొద్దిగా వేస్తే సరిపోతుంది.

దీనికి కొమ్మలు లేవు. నెత్తిన ఉన్న ఆ ఒక్క మొవ్వు పోతే మొక్కంతా పోయినట్టే. అందుకే పిల్లలు ముద్దుగా ఉందని ఆ చుట్టలను విరవకుండా చూడండి. క్రిస్మస్ అలంకరణకు ఎవరైనా ఆకులు అడిగితే కింది ముదురాకులే కోసి ఇవ్వండి. నాది ఆస్ట్రేలియా తూర్పు తీరపు అడవుల జాతి, కూపర్ సయాథియా. ఆకు రాలినచోట నాణెం అచ్చు వేసినట్టు గుర్తు మిగులుతుంది, చూడముచ్చటగా. దాని నూగు మాత్రం చర్మానికి దురద, కళ్ళకు మంట. పొడుగు చేతుల చొక్కా, కళ్ళజోడు లేకుండా ఆకులు కోయకండి.

హైదరాబాదు, విజయవాడ సోదరీమణులు నన్ను అడుగుతుంటారు, మా ఇంట్లో పెరుగుతుందా అని. వడగాడ్పుల ఊళ్ళలో నేనైతే సాహసించను. మరీ ముచ్చటగా ఉంటే ఉత్తరపు వరండాలో తొట్టిలో పెట్టి, వేసవంతా పసిపిల్లను సాకినట్టు సాకాలి. ఊరికి వెళ్ళి పది రోజులకు వస్తే ఆశ వదులుకోవలసిందే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కొండవాగుల పక్కన మన దేశపు చెట్టు ఫెర్నులు సహజంగా పెరుగుతాయి. వాటిని పెరికి తేవద్దు, రోడ్డు పక్కన ఎవరైనా అమ్మినా కొనవద్దు. ఆర్కిడ్ మొక్కలు పెంచే పీచు కోసం ఎన్నో దేశాల్లో వీటి మానులను నరికారు. అందుకే సయాథియా జాతుల అంతర్జాతీయ వ్యాపారానికి సైటిస్ ఒప్పందం కింద అనుమతి కావాలి. సిద్ధబీజాల నుంచి పెంచిన నర్సరీ మొక్కే అడిగి తీసుకోండి. చిన్నదే అయినా కొత్తచోట త్వరగా కుదురుకుంటుంది.

మా రెండో మొక్క ఇప్పుడు వంటింటి కిటికీ దాటింది. నీళ్ళు పోయాలంటే నాకు స్టూలు కావలసివస్తోంది.