పార్కింగ్ కొలత తలుపులు తెరిచి చూసుకోండి

మన ఊళ్లలో మధ్యతరగతి ఇల్లంటే చాలాసార్లు 150 గజాల స్థలమే: 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు. ప్లాను గీయించేటప్పుడు పడకగది అంగుళం తగ్గినా ఒప్పుకోనివాళ్లు, పార్కింగ్ దగ్గరికొచ్చేసరికి "కారు పడితే చాలు" అంటారు. గదిలో మంచం ఇరుకైతే జరుపుకోవచ్చు. పిల్లర్‌ను జరపలేం.

కొలత వేయాల్సింది తలుపులు తెరిచి ఉన్న కారుకి. హ్యుందాయ్ క్రెటా వెడల్పు 1790 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 5 అడుగుల 10 అంగుళాలు. కంపెనీ చెప్పే ఈ లెక్కలో పక్క అద్దాలు ఉండవు. మనిషి ఇబ్బంది పడకుండా దిగాలంటే తలుపు వైపు రెండున్నర అడుగులు కావాలి. రెండు వైపులా దిగేటట్టయితే మొత్తం 11 అడుగులు. నడిపేవారు తప్ప మిగతావాళ్లంతా గేటు బయటే దిగిపోతారనుకుంటే తొమ్మిదిన్నరతో సరిపెట్టుకోవచ్చు. కానీ జోరువానలో, మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మమ్మను రోడ్డు మీద దించడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒకవైపు మూడడుగులు వదలండి, అందుకోసం పక్క గది కాస్త తగ్గినా సరే.

ఈ 11 అడుగులూ నికరమైన ఖాళీ. ప్లానులో పిల్లర్ల మధ్య గీత నుంచి మధ్య గీతకు 11 అని వేసి ఉంటే, 9 అంగుళాల పిల్లర్లు, ప్లాస్టరింగు పోను చేతికొచ్చేది పది అడుగుల చిల్లరే. పిల్లరు బానెట్ పక్కన పడితే పెద్ద బాధ లేదు, ముందు తలుపు ఎదురుగా పడకూడదు. పునాదికి ముగ్గు పోసిన రోజున, తవ్వకం మొదలవకముందే, కారు తెచ్చి ఆ గీతల మధ్య నిలబెట్టి నాలుగు తలుపులూ తెరిచి చూడండి.

పొడవు విషయానికొస్తే, 4 మీటర్లు దాటని చిన్న ఇంజన్ కార్లకు పన్ను తక్కువ. అందుకే మన వీధుల్లో 13 అడుగుల దరిదాపు కార్లే ఎక్కువ కనిపిస్తాయి. అయితే ఇల్లు ఉన్నన్నాళ్లూ అదే కారు ఉండదు కదా. క్రెటా 14 అడుగులు దాటుతుంది, ఇన్నోవా క్రిస్టా పదిహేనున్నర. డిక్కీ తెరిచి సామాను దించే జాగాతో కలిపి 18 అడుగులు అనుకోండి.

గేటు సంగతి చాలామంది మరిచిపోతారు. 10 అడుగుల గేటు రెండు రెక్కలుగా లోపలికి తెరుచుకుంటే పార్కింగ్ పొడవులో ఐదడుగులు దానికే పోతాయి. రోడ్డు వైపు తెరవడం తప్పు, అది నలుగురూ నడిచే దారి. స్లైడింగ్ గేటు పెడితే పక్కన ప్రహరీ పొడవునా మరో 10 అడుగులు అడ్డం లేకుండా ఉండాలి. ర్యాంప్‌ కూడా అంతే. నేల రోడ్డుకన్నా అడుగున్నర ఎత్తులో ఉంటే, కారు అడుగుభాగం గీసుకోకుండా ఎక్కడానికి కనీసం 12 అడుగుల వాలు కావాలి. కాబట్టి పార్కింగ్ వరకు నేలను తక్కువ ఎత్తులోనే ఉంచి, ఇంట్లోకి రెండు మెట్లు కట్టించుకోవడం మేలు.

బైకుకి మరో మూడడుగులు చూసుకోండి. విద్యుత్ కారు ఆలోచన ఇప్పుడు లేకపోయినా, గోడలో 16 ఆంపియర్ల ప్లగ్గుకి పైపు, మంచి ఎర్తింగ్ ముందే వేయించి ఉంచండి.