కోడర్‌కు ముద్ర ఎందుకు?

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ బజారులో కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఆ ముద్ర వ్యాపారికి నిజాయితీ నేర్పదు. కానీ ఎక్కడి నుంచో సరుకుకొచ్చినవాడు ఆ కాటాను నమ్మడానికి అదే ఆధారం. మెడికల్ కోడర్ల సర్టిఫికెట్‌నూ అలాగే చూడాలి. ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్ చదివిన ఎందరో హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల చార్టులు చదివి, జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేస్తున్నారు. ఆ కోడ్‌లను చూసే అక్కడి బీమా సంస్థలు డబ్బు చెల్లిస్తాయి. డబ్బిచ్చేవాడికి ఇక్కడి కోడర్ ఎవరో తెలియదు కాబట్టే అక్కడి వృత్తి సంఘాలైన ఏఏపీసీ వారి సీపీసీ, ఎహిమా వారి సీసీఎస్ వంటి పరీక్షలకు విలువ.

పుస్తకంలో నంబరు వెతకడానికి పరీక్షెందుకని కొందరి ప్రశ్న. నిజమే, సీపీసీ పరీక్షకు కోడ్ పుస్తకాలు వెంట తీసుకెళ్లనిస్తారు. 4 గంటల్లో 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. అయితే పరీక్షించేది వెతకడాన్ని కాదు, నియమాన్ని. టైప్ 2 షుగర్ ఉందనీ, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందనీ డాక్టరు విడివిడిగా రాశాడనుకోండి. తెలియనివాడు షుగర్‌కు ఇ11.9 వేసి ఊరుకుంటాడు. కానీ సంబంధం లేదని డాక్టరు రాయనంతవరకు ఆ రెండూ ముడిపడ్డట్టే లెక్క. ఇ11.22 వేసి, కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో చెప్పే కోడ్ దానికి జతచేయాలి. ఇంకో చిక్కు చూడండి. ‘న్యుమోనియా కావచ్చు’ అని డిశ్చార్జి సమయంలో రాస్తే, ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తారు. ఓపీ రోగికి అలా చేయకూడదు, దగ్గు, జ్వరం వంటి లక్షణాలకే కోడ్ వేయాలి. ఇవన్నీ డబ్బుతో ముడిపడ్డవి. అమెరికా ప్రభుత్వ బీమాకు తెలిసి తప్పుడు బిల్లు పెడితే, ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ కింద నష్టానికి మూడింతలు కట్టాలి, ఆపైన జరిమానా.

సర్టిఫికెట్ లేకుండానే ఉద్యోగాలు వస్తున్నాయిగా అంటే, వస్తున్నాయి. కొత్తవాళ్లను తీసుకుని తామే తర్ఫీదిచ్చుకునే కంపెనీలున్నాయి. పైగా అనుభవం లేకుండా పాసైనవాళ్ల సీపీసీ పక్కన అప్రెంటిస్ అనే తోక చేరుతుంది. పాసైనంత మాత్రాన పని వచ్చినట్టు కాదని పరీక్ష పెట్టినవారే చెబుతున్నారన్నమాట. అందుకే డిగ్రీ చేతికి రాగానే అప్పు చేసి పరీక్షకు కూర్చోవడం కంటే, దొరికితే ముందు పనిలో చేరి, కొన్నాళ్లు చార్టులు చదివి, ఆ తర్వాత పరీక్ష రాయడం మేలు. కోడ్‌లు తానే వేసే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇదంతా దండగ అనేవారి భయంలోనూ కొంత నిజముంది. ఎక్స్‌రే రిపోర్టుల్లాంటి తేలిక పని ముందుగా యంత్రానికే పోతుంది. మిగిలేది యంత్రం చేసిన తప్పు పట్టుకునే ఆడిటింగ్. ఆ కుర్చీ నియమాలు తెలిసినవారిదే. అమీర్‌పేటలోనో ఆబిడ్స్‌లోనో కోచింగ్‌కు ఫీజు కట్టబోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: జబ్బులకు వేసే ఐసీడీ కోడ్‌లు ఏటా అక్టోబరు 1న, చికిత్సలకు వేసే సీపీటీ కోడ్‌లు జనవరి 1న మారతాయి. అక్కడ పాఠం చెప్పే పుస్తకం ఏ ఏడాదిదో అడిగాకే డబ్బు తీయండి.